ఎర్ర డబ్బా మీద ఇనుప మాసిక

బ్రిటన్ పోస్టు డబ్బా అనగానే గుండ్రటి ఎర్ర స్తంభం కళ్ళ ముందుకొస్తుంది. అక్కడి వీధుల్లో గుండ్రంగా లేని స్తంభాలు కూడా కొన్ని ఉన్నాయి. పైనుంచి చూస్తే అవి కోలగా, పట్టుకుని సాగదీసినట్టు ఉంటాయి. ఒక వైపు ఉత్తరం వేసే నోరు, తలుపు, రాజముద్ర, అన్నీ మామూలే. చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్తే ఒక చదునైన ఇనుప పలక బిగించి, దాని మీద నుంచే ఎర్ర రంగు పూసేసి ఉంటుంది. చూసినవాళ్ళు తుప్పు తిన్న చోట మాసిక వేశారనుకుని వెళ్ళిపోతారు. అక్కడ తుప్పు తిన్నదేమీ లేదు. ఒకప్పుడు పెన్నీ వేస్తే స్టాంపు చేతికొచ్చిన చోటు అది.

ఆ మిషన్లు ఏమయ్యాయని అడిగితే ఈమధ్య వినిపించే జవాబు ఒకటే: ఈమెయిలు వచ్చింది, ఉత్తరాలు తగ్గాయి, మిషన్లు మూలపడ్డాయి. ఈ జవాబు తప్పు. పెన్నీ మిషన్ల కథ 1971 నాటికే ముగిసింది. అప్పటికి ఈమెయిలు అనే మాటే మామూలు జనం చెవిన పడలేదు. మిషన్ను చంపినవి తడి ఒకటి, లెక్క ఒకటి. ఇనుప డబ్బాలో ఊరే చెమ్మ దాన్ని సగం చంపింది. జేబులోని నాణేనికీ తపాలా రేటుకీ పొత్తు చెడటం మిగతా సగం పూర్తిచేసింది. ఈ రెండింటికీ సాక్ష్యం ఆ ఇనుప పలకే. అందుకే డబ్బాను 'బాగుచేసే' ఉత్సాహంలో పలకను కోసేసి, పూడ్చేసి, నున్నగా చేసేవాళ్ళతో నాకు పేచీ.

స్టాంపును మిషనుతో అమ్మాలన్న ఆలోచన చాలా పాతది. యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్‌కు చెందిన సిమియన్ డెన్‌హామ్ 19వ శతాబ్దంలోనే పెన్నీకి స్టాంపు ఇచ్చే మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. 1880లలో పెర్సివల్ ఎవరిట్ లండన్‌లో పోస్టుకార్డులు అమ్మే మిషన్లు పెట్టాడు. మిషను బాగానే పనిచేసింది గానీ, జనం నాణెం వేసే సందులో చిత్తుకాగితాలూ నారింజ తొక్కలూ కుక్కడం మొదలుపెట్టారు. ఆ బెడద సంగతి ఆయన తన తరువాతి పేటెంటు దరఖాస్తులోనే రాసుకోవాల్సి వచ్చింది. వీధిలో పెట్టే మిషనుకు మొదటి పరీక్ష పెట్టేది ఇంజనీరు కాదు, పనిలేని కుర్రాళ్ళు!

పోస్టుకార్డు గట్టిగా ఉంటుంది కాబట్టి దొంతరలోంచి ఒక్కోదాన్నీ నెట్టవచ్చు. స్టాంపుతో అలా కుదరదు. పల్చటి కాగితం, బరువు లేదు, ఒక వైపు జిగురు. విడిగా ఒక్కటి దొర్లదు, జారదు, పక్కదానికి అతుక్కుంటుంది. 1891లో లండన్ వీధుల్లో ఒక ప్రైవేటు సంస్థ దీనికి తమాషా ఉపాయం చేసింది. పెన్నీ వేస్తే ఒక చిన్న నోటుపుస్తకం బయటికొచ్చేది, స్టాంపు దాని లోపల ఉండేది. పుస్తకం ఖర్చు ప్రకటనల మీద రాబట్టుకునేవారు. అంటే మిషను అమ్మింది నిజానికి ఆ పుస్తకం అట్టను. స్టాంపు దాని మీద సవారీ చేసింది.

అసలు చిక్కు విడిపోయింది న్యూజీలాండ్‌లో. వెల్లింగ్టన్ తపాలా ఉద్యోగి రాబర్ట్ డికీ, స్టాంపులను విడదీయకుండా పొడుగాటి పట్టీగా చుట్టి, రెండు స్టాంపుల మధ్యనుండే చిల్లుల్లోకి సన్నని మేకులు దించి పట్టీని ముందుకు నడిపే మిషను తయారుచేశాడు. 1905లో వెల్లింగ్టన్ జనరల్ పోస్టాఫీసులో దాన్ని పరీక్షకు పెట్టారు. దాదాపు అదే కాలంలో అమెరికాలో దారి వేరుగా సాగింది. 1906 నుంచి తపాలా శాఖ చిల్లులు వేయని షీట్లను ప్రైవేటు మిషను కంపెనీలకు అమ్మితే, ఒక్కో కంపెనీ తన మిషనుకు తగ్గ చిల్లులు తనే వేసుకునేది. షెర్మాక్ కంపెనీ స్టాంపులకు అంచుల్లో రెండేసి పొడుగాటి గంట్లు కనిపిస్తాయి. బ్రిటన్‌లో కెర్మోడ్ మిషన్లతో 1906 చివరి నుంచి ప్రయోగాలు నడిచాయి. 1912 నుంచి మిషన్ల కోసం స్టాంపు చుట్టలు వాడుకలోకి వచ్చాయి.

లోపల జరిగే పని మాటల్లో తేలిక. సందులోంచి పడిన నాణెం సరైన వెడల్పు, మందం, బరువు ఉంటే ఒక కొక్కేన్ని విడిపిస్తుంది. అప్పుడు మేకుల చక్రం ఒక్క స్టాంపు మేర తిరుగుతుంది. స్టాంపు సందులోంచి బయటికొస్తుంది, కొనుక్కున్నవాడు చించుకుంటాడు. నాణెం పలచనైతే ఒక మెట్టు దగ్గర, తేలికైతే త్రాసు దగ్గర పక్కకు జారి తిరుగు గిన్నెలో పడుతుంది.

కష్టమంతా 'ఒక్క స్టాంపు మేర' అన్న మాటలో ఉంది. రబ్బరు చక్రంతో కాగితాన్ని రాపిడి మీద లాగితే ఏమవుతుందో లెక్క వేయండి. ఒక్కో స్టాంపుకు 0.1 మిల్లీమీటరు తేడా వచ్చిందనుకుందాం. 480 స్టాంపుల చుట్ట అయ్యేసరికి తేడా 48 మిల్లీమీటర్లవుతుంది. చిన్న స్టాంపు దాదాపు 21 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. అంటే రెండు స్టాంపులకు పైగా పక్కకు జరిగినట్టు. ఆ స్థితికి చాలా ముందే మిషను స్టాంపును నడిమధ్యన చింపి ఇవ్వడం మొదలుపెడుతుంది. చిల్లుల్లోకి మేకులు దిగితే ఈ తప్పు పోగుపడదు. ప్రతి చిల్లుల వరుస దగ్గరా లెక్క మళ్ళీ సున్నాకు వస్తుంది. బ్రిటిష్ చిన్న స్టాంపుల నిలువు అంచుకు 2 సెంటీమీటర్లకు 14 చిల్లులు, అంటే 24 మిల్లీమీటర్ల అంచుకు సుమారు 17. డికీ చేసిన అసలు గొప్ప పని ఇదే. చింపుకోవడానికి ఉన్న చిల్లులనే ఆయన కొలబద్దగా మార్చేశాడు.

చుట్టలోనూ తిరకాసు ఉంది. మొదట్లో ఇవి ఒకే పొడుగు కాగితం మీద అచ్చయినవి కావు. షీట్లను పట్టీలుగా కోసి, అంచుకు అంచు అతికించి చుట్టినవి. అతుకు దగ్గర కాగితం రెండు పొరలు. మందం రెట్టింపవడంతో ఇరుకు సందులో తట్టుకునేది. అతికించేటప్పుడు చిల్లుల వరుస వెంట్రుకవాసి తప్పినా మేకు చిల్లులో కాకుండా కాగితంలో గుచ్చుకుని చింపేది. మిషను బిగుసుకుంటే దోషం మిషనుదని అందరూ అనేవారు. చాలాసార్లు దోషం బల్ల మీద అతికించిన చేతిది.

పట్టీని అడ్డంగా నడిపే చుట్టల వల్ల స్టాంపు మీద కూడా ఒక ముద్ర మిగిలింది. కాగితంలోని వాటర్‌మార్కు మామూలు షీటులో నిటారుగా ఉంటుంది, అడ్డం చుట్టల్లో పడుకుని ఉంటుంది. ఆరో జార్జి స్టాంపుల్లో పడుకున్న వాటర్‌మార్కు కనిపిస్తే అది చుట్టలోంచి వచ్చింది, తలకిందులుగా ఉంటే స్టాంపులు కొన్ని కలిపి అమ్మే చిన్న పుస్తకంలోంచి వచ్చింది. ఎలిజబెత్ కాలానికి వస్తే మిషన్లలో అమ్మిన చిన్న పుస్తకాల్లో కూడా పడుకున్న వాటర్‌మార్కు ఉంది కాబట్టి ఈ గుర్తు ఒక్కటే చాలదు. చూసే పద్ధతి పాతదే. స్టాంపును బొమ్మ కిందికి వచ్చేలా నల్లటి గిన్నెలో పెట్టి లైటరులో వాడే ద్రవం రెండు చుక్కలు వేస్తే గుర్తు నల్లగా తేలుతుంది. కిటికీ తెరవాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. ద్రవం ఆరేదాకా స్టాంపును కదపకూడదు.

ఇక తడి సంగతి. 1927లో బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరింగు విభాగం ఒక ఆశపోతు పెట్టెను రూపొందించింది. సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ గీసిన ఎర్ర టెలిఫోన్ గదినే వెనక్కి పెంచి, దాని వీపున ఒక పోస్టు డబ్బా, స్టాంపు మిషన్లు చేర్చారు. కే4 అని పేరు. తయారుచేసింది 50 మాత్రమే. వచ్చిన ఫిర్యాదులు రెండు. స్టాంపు మిషను చప్పుడుకు లోపల ఫోనులో మాట్లాడేవాళ్ళకు ఏమీ వినిపించేది కాదు. స్టాంపు చుట్టలేమో చెమ్మకు అతుక్కుపోయేవి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే. మిగిలిన కొద్దిపాటి వాటిలో వారింగ్టన్‌లో ఒకటి, విట్లీ బే రైల్వే స్టేషన్లో ఒకటి, సెవర్న్ వ్యాలీ రైల్వే వారి బ్యూడ్లీ స్టేషన్లో ఒకటి ఇప్పటికీ చూడవచ్చు.

చెమ్మ ఎందుకు పట్టింది? పోత ఇనుము పగలు వేడెక్కి, రాత్రి గబగబా చల్లబడుతుంది. ఉత్తరం వేసే నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి బయటి తేమ గాలి లోపలికి వస్తుంది, చల్లటి ఇనుప గోడ తగలగానే నీటి బిందువులుగా మారుతుంది. వాన నీరు లోపలికి రాకుండా ఆపవచ్చు గానీ దీన్ని ఆపలేం. అప్పటి స్టాంపుల జిగురు తుమ్మ జాతి చెట్ల బంక. తుమ్మబంకతో పుస్తకాలు అతికించిన వాళ్ళకు దాని గుణం తెలుసు. తడి తగిలితే సాగుతుంది, ఆరితే పెంకులా బిగుసుకుని కాగితాన్ని మెలితిప్పుతుంది. గట్టిగా చుట్టిన చుట్టలో ఒక పొర జిగురు పై పొర బొమ్మను పట్టుకుంటే చాలు, మేకుల చక్రం ఎంత లాగినా పట్టీ రాదు, చిల్లుల దగ్గర తెగుతుంది. నాణెం లోపలికి పోయింది, స్టాంపు బయటికి రాలేదు, చుట్టుపక్కల మనిషి లేడు. అది మిషను సమస్యగా మొదలై తపాలా శాఖ పరువు సమస్యగా ముగుస్తుంది. తుమ్మబంకకు బదులు పీవీఏ అనే కృత్రిమ జిగురు బ్రిటిష్ స్టాంపుల మీదికి వచ్చింది 1968లో. మందు దొరికేసరికి రోగి మంచం దిగే స్థితిలో లేడు.

కే4 అనుభవం ఉండి కూడా 1932లో మళ్ళీ పోస్టు డబ్బాతోనే మిషన్ను కలిపారు. మొదట్లో చెప్పిన కోల డబ్బాలు ఇవే. డబ్బాల వర్గీకరణలో డీ రకం, ఈ రకం అంటారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒక వైపు ఉత్తరం వేసే నోరు, ఇంకో వైపు మిషను. పోస్టాఫీసు మూసేసిన సాయంత్రాల్లో, ఆదివారాల్లో ఉత్తరం తీసుకొచ్చిన మనిషి అక్కడే స్టాంపు కొని, అంటించి, వేసేసి వెళ్ళాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాకపోతే ఉత్తరాలు తీసే మనిషి పని వేరు, చుట్ట మార్చి డబ్బు లెక్కపెట్టే మనిషి పని వేరు. ఒకే ఇనుప చొక్కాలో రెండు ఉద్యోగాలు కుక్కారు.

మొదట్లో ఒక పెన్నీకి రెండు అర పెన్నీ స్టాంపులు వచ్చేలా అమర్చారు. ఒక పెన్నీ స్టాంపు కాకుండా రెండు అర్ధలెందుకు? జవాబు రేటులో ఉంది. 1922 నుంచి 1940 దాకా బ్రిటన్‌లో ఉత్తరం రేటు ఒకటిన్నర పెన్నీ, పోస్టుకార్డుకు ఒక పెన్నీ. ఒకటిన్నర పెన్నీ నాణెం లేదు. అర పెన్నీ స్టాంపులైతే కార్డుకు రెండు, ఉత్తరానికి మూడు అంటించుకోవచ్చు. ఒక్క ఉత్తరమే ఉన్నవాడు రెండు పెన్నీలు వేస్తే ఒక అర్ధ స్టాంపు మిగులుతుంది. రెండు ఉత్తరాలున్నవాడికి మూడు పెన్నీలు, ఆరు స్టాంపులు, సరిగ్గా చెల్లు. చిల్లర ఇవ్వలేని మిషను చిల్లరను స్టాంపు రూపంలో ఇచ్చింది. ఇంత తెలివైన సర్దుబాటు ఆ డబ్బాలో ఇంకేదీ లేదు.

ఈ సర్దుబాటు 1940 మే నెలలో దెబ్బతింది. ఉత్తరం రేటు రెండున్నర పెన్నీలైంది. మూడు పెన్నీలు వేసి, ఐదు అర్ధలు అంటించాలి. 1957లో మూడు పెన్నీలైంది, అంటే కవరు మీద ఆరు అర పెన్నీ స్టాంపులు! చిరునామా రాసే చోటు వెతుక్కోవాలి. చుట్టలో పెన్నీ స్టాంపులు పెడితే సగం తగ్గుతాయి గానీ, నాణేల సంఖ్య తగ్గదు. పాత పెన్నీ చిన్నదేమీ కాదు, దాదాపు 31 మిల్లీమీటర్ల వెడల్పు, 9.4 గ్రాముల కంచు బిళ్ళ. పెన్నీకి రెండు చొప్పున 480 స్టాంపుల చుట్ట అయిపోతే డబ్బు పెట్టెలో చేరేది 240 బిళ్ళలు, రెండుంపావు కిలోలు. విలువ చూస్తే ఒక్క పౌను. మనకు 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి 16 అణాలున్నట్టే, వాళ్ళకు 1971 దాకా పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. ఒక పౌను ఆదాయం కోసం రెండుంపావు కిలోల కంచు మోసుకెళ్ళే మనిషికి జీతం ఇవ్వాలి. రేటు పెరిగే కొద్దీ పెట్టె తొందరగా నిండుతుంది, చుట్ట తొందరగా అయిపోతుంది, మనిషి ఎక్కువసార్లు రావాలి. మిషను పెట్టిందే మనిషి అవసరం తగ్గించడానికి.

1965లో నాలుగు పెన్నీలు. 1968 సెప్టెంబరులో ఫస్టు క్లాసు, సెకండు క్లాసు అని రెండు రేట్లు వచ్చాయి: ఐదు పెన్నీలు, నాలుగు పెన్నీలు. ఇక్కడ తపాలా శాఖ చివరిసారిగా గట్టి బుర్ర ఉపయోగించింది. 1969లో షిల్లింగు నాణేనికి ఐదు స్టాంపుల పట్టీ వచ్చే చుట్ట తెచ్చారు. అందులో ఒక నాలుగు పెన్నీలది, ఒక మూడు పెన్నీలది, రెండు రెండేసి పెన్నీలవి, ఒక పెన్నీది. మొత్తం 12. కాగితం తీసుకుని విడదీసి చూడండి. సెకండు క్లాసు ఉత్తరాలు కావాలంటే నాలుగు పెన్నీలది ఒక ఉత్తరానికి, మూడూ ఒకటీ కలిపి ఇంకోదానికి, రెండూ రెండూ కలిపి మరోదానికి. మూడు ఉత్తరాలకు తేడా లేకుండా సరిపోతుంది. ఫస్టు క్లాసుకు నాలుగూ ఒకటీ, మూడూ రెండూ కలిపితే రెండు ఉత్తరాలు, పైన రెండు పెన్నీలు మిగులు. 

1971 ఫిబ్రవరి 15న దశాంశ నాణేలు వచ్చాయి. ఫస్టు క్లాసు 3 కొత్త పెన్నీలు, సెకండు క్లాసు 2½. దానికి తగ్గట్టు 5 పెన్నీల పట్టీ: ఒక 2, రెండు 1, రెండు ½. రెండు సెకండు క్లాసు ఉత్తరాలకు సరి: 2, ½ కలిపి ఒకటి, 1, 1, ½ కలిపి ఇంకొకటి. ఇందులో కొసమెరుపు నాణెం కొలతలో ఉంది. కొత్త 5 పెన్నీల బిళ్ళను 1968లోనే పాత షిల్లింగు కొలతకు, సుమారు 23.6 మిల్లీమీటర్లకు, సరిగ్గా అదే బరువుకు తయారుచేశారు. అందుకని షిల్లింగు తీసుకునే యంత్ర భాగం మార్చకుండానే కొత్త నాణెం తీసుకుంది. పెన్నీ మిషనుకు ఆ అదృష్టం లేదు. కొత్త పెన్నీ 20.3 మిల్లీమీటర్లే, బరువు మూడున్నర గ్రాముల పైచిలుకు. పాత సందులో వేస్తే గలగలమని జారి బయటికొస్తుంది. పాత అర పెన్నీ 1969 ఆగస్టుకే చెల్లకుండా పోయింది, పాత పెన్నీ 1971 ఆగస్టు చివరితో పోయింది. పెన్నీ మిషను ఆ రోజుతో వట్టి ఇనుము.

నా వాదనకు ఇదే ఇరుసు. ఒకే ఏడాదిలో ఒకే దేశంలో ఒకే పని చేసే రెండు మిషన్లలో ఒకటి బతికింది, ఒకటి చచ్చింది. బతికినదానికీ చచ్చినదానికీ ఉత్తరాలు రాసే జనం ఒక్కరే, కాలం ఒక్కటే. తేడా అంతా పాత పెన్నీకీ కొత్త పెన్నీకీ మధ్యనున్న పది మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు. 1989లో విలువ అచ్చు వేయకుండా 'ఫస్టు', 'సెకండు' అని మాత్రమే ఉండే స్టాంపులు వచ్చినప్పుడు మిషన్ల బాధ తీరిందని కొందరు రాశారు. తీరలేదు. స్టాంపు మీద ధర లేకపోయినా సందులో వేయాల్సిన నాణెం ధర మారుతూనే ఉంటుంది. పైగా మరుసటి ఏడాదే 5 పెన్నీల బిళ్ళను 18 మిల్లీమీటర్లకు కుదించారు, 1992లో 10 పెన్నీలది కూడా. మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద రంగు లైట్లు తిప్పుతూ బరువు టికెట్టు ఇచ్చిన మిషన్లకు ఎదురైన చిక్కు కూడా ఈ జాతిదే. లోపలి యంత్రం పాడవకపోయినా, బయటి నాణెం మారితే దాని పని ఆగుతుంది.

ఇంగ్లండులో ఉంటున్న తెలుగువాళ్ళు చాలామంది రోజూ ఇలాంటి డబ్బాల పక్కనుంచే వెళ్తుంటారు. చూడదలిస్తే ఎలా చూడాలో చెప్తాను. ముందు ఆకారం. కోలగా ఉన్నవన్నీ మిషను డబ్బాలు కావు. వెడల్పాటి ముఖం మీద రెండు నోళ్ళు పక్కపక్కనే ఉంటే అది సీ రకం, 1899 నుంచి ఉన్నది, రెండు రకాల ఉత్తరాలు వేరుచేయడానికి పెట్టినది. మిషనుతో దానికి సంబంధం లేదు. ఒకే నోరు ఉండి, అవతలి వైపు పలక ఉంటేనే మనది.

తరువాత రాజముద్ర. జీ, ఆర్ అక్షరాల మధ్య అంకె లేకపోతే ఐదో జార్జి, రోమను ఆరు ఉంటే ఆరో జార్జి. అడుగున నేల దగ్గర పోత ఇనుము కార్ఖానా పేరుంటుంది, కారన్ కంపెనీ లాంటిది. చాలాచోట్ల కాలిబాట ఎత్తు పెంచడం వల్ల ఆ పేరు సగం కప్పబడిపోయి ఉంటుంది. తవ్వకండి, పై సగం అక్షరాలు చాలు.

అసలైనది పలక అంచు. పోతలోనే ఒక ఉబ్బెత్తు చట్రం ఉండి దాని లోపల పలక కూర్చుంటే, ఆ రంధ్రం కార్ఖానాలోనే పుట్టింది. చట్రం లేకుండా, అంచు గరుకుగా ఉంటే అది తరువాత కోసింది. పలక బిగించిన మరలకు ఒకే గాటు తల ఉంటే పాత పని అయ్యే అవకాశం ఎక్కువ, నక్షత్రం గాటు ఉంటే తరువాతి కాలపు చెయ్యి పడినట్టు. నాణెం సందున్న పలకే ఇంకా మిగిలి ఉంటే ప్లాస్టిక్ కాలిపర్‌తో సందు పొడుగు కొలవండి. 31 మిల్లీమీటర్లు దాటితే పాత పెన్నీ, 24 దరిదాపుల్లో ఉంటే షిల్లింగు, 20 లోపు ఉంటే ఆరు పెన్నీల బిళ్ళ. ఇనుప కాలిపర్ వాడితే రంగు గీరుకుంటుంది, అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. రంగు పొరల కింద అక్షరాల జాడ ఉందనిపిస్తే పల్చటి కాగితం ఆనించి మైనపు క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దండి. సాయంత్రం వాలు వెలుతురులో తీసిన ఫోటో కూడా అంతే పని చేస్తుంది. గోడ డబ్బాల దగ్గర ఆ పక్క ఇటుకల్లో చిన్న దీర్ఘచతురస్రం మేర సున్నం రంగు వేరుగా ఉందేమో చూడాలి. మిషను విడిగా గోడలో ఉన్న చోట మిగిలే గుర్తు అది.

ఇక మరమ్మతు. 2002లో తపాలా సంస్థ రాయల్ మెయిల్, పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంగ్లిష్ హెరిటేజ్ కలిసి వీధుల్లోని పోస్టు డబ్బాలను ఉన్నచోటే ఉంచాలని ఒప్పందం చేసుకున్నాయి. డబ్బా దక్కింది. పలకను మాత్రం ఇప్పటికీ చాలామంది కాపాడాల్సిన భాగంగా కాక, దాచాల్సిన మచ్చగా చూస్తున్నారు. వాళ్ళు చెప్పే కారణం ఒకటి న్యాయమైనదే. పలకకూ పోతకూ మధ్య నీరు నిలిచి తుప్పు ఉబ్బుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. పోత ఇనుము వంగదు కాబట్టి పగులుతుంది. సమస్య నిజం, వాళ్ళు చేసే వైద్యం తప్పు. పలక తీసేసి కొత్త ఉక్కు ముక్కను వెల్డింగు చేస్తారు. పోత ఇనుములో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ముందుగా మొత్తం వేడెక్కించకుండా వెల్డు చేస్తే అతుకు పక్కన గాజులా గట్టిపడి, చల్లారేటప్పుడు సన్నగా చీలుతుంది. ఆ చీలిక మీద ఫిల్లరు, ఫిల్లరు మీద ఎర్ర రంగు. నాలుగైదు చలికాలాల్లో మళ్ళీ మొదటికొస్తుంది.

చేయాల్సింది ఇంతకన్నా చవక. డబ్బా రాయల్ మెయిల్ ఆస్తి కాబట్టి ముందు వాళ్ళ అనుమతి కావాలి. తరువాత మరల మీద చొచ్చుకుపోయే నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలి, మర్నాడు సరిగ్గా గాటుకు సరిపోయే స్క్రూడ్రైవరుతో విప్పాలి. పాత మరలు మెట్రిక్ కావు, విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత లాంటి అంగుళం లెక్కవి. పావు అంగుళం విట్‌వర్త్ పుంత, అంటే మర చుట్టూ తిరిగే గాడి, 55 డిగ్రీల కోణం, అంగుళానికి 20 చుట్లు. మెట్రిక్ పుంత 60 డిగ్రీలు. అందులోకి ఆరు మిల్లీమీటర్ల బోల్టు ఎక్కించి బలవంతంగా తిప్పారా, ఎనభై ఏళ్ళ పుంత ఒక్క తిప్పులో పోతుంది. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకకూడదు, తడిపి గీకాలి, చెత్త విడిగా కట్టాలి. ఇసుక తుంపర కొడితే అక్షరాల అంచులు మొద్దుబారతాయి, కాబట్టి తీగ బ్రష్షే గతి. జింకు ఫాస్ఫేటు ప్రైమరు రెండు వైపులా వేసి, అదే పలకను, గట్టిపడని మాస్టిక్‌తో (సందులు పూడ్చే ముద్దతో) మూడు అంచులు మాత్రమే మూసి బిగించాలి. కింది అంచు తెరిచి ఉంచాలి. లోపలి చెమ్మ కారిపోవడానికి దారి కావాలి. నాలుగు వైపులా మూసేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ఒక మూల పాత రంగు పొరలు గోరంత మేర అలాగే వదిలేయాలి. ఎప్పుడు పలక పడిందో తేల్చేవి అవే. డబ్బా ఒంటి మీద ఉన్న రంగు పొరలకన్నా పలక మీద పొరలు ఎన్ని తక్కువో లెక్కపెడితే, అది ఎంత ఆలస్యంగా వచ్చిందో అంచనా కట్టవచ్చు.

పలక తీసి నకలు మిషన్ను బిగించి, బొమ్మ పెన్నీలతో నడిపిద్దామనే వర్గం ఇంకొకటుంది. మ్యూజియంలో అయితే నాకు అభ్యంతరం లేదు, పిల్లలకు సరదా. వీధిలో మాత్రం వద్దు. పనిచేసే మిషను ఆ వీధిలో ఉన్న ఏళ్ళకన్నా పలక ఉన్న ఏళ్ళు ఎక్కువ. డబ్బాల జాబితాలు రాసేవాళ్ళు కూడా 'మిషను లేదు' అని ఒక్క మాటతో తేల్చేయకుండా, పలక పొడుగు వెడల్పులు మిల్లీమీటర్లలో, మరలు ఎన్ని, తలల గాటు ఏ రకం, చట్రం పోతలోదా కాదా, అడుగున నీరు కారే సందు ఉందా లేదా అనే ఐదు సంగతులు రాస్తే, మరోసారి ఎవరైనా రంగు డబ్బా పట్టుకుని వచ్చేలోపు ఆ వివరమైనా మిగులుతుంది.